వంటగ్యాసు ద్రవమెలా అయింది? వాండర్‌వాల్స్ సమీకరణం

వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు పడుతోందంటే అది ద్రవంగా ఉండబట్టే. ఆదర్శ వాయు సమీకరణాన్నే నమ్ముకుంటే ఏ వాయువూ ద్రవం కాకూడదు. అందులో అణువులకు పరిమాణం లేదు, పరస్పర ఆకర్షణా లేదు.

ఈ రెండింటినీ లెక్కలోకి తెచ్చినవాడు డచ్ శాస్త్రవేత్త వాండర్‌వాల్స్, 1873లో లైడెన్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో. అణువులు అడ్డుకునే చోటు (బి) తీసేస్తే ఒక మోల్ వాయువుకు తిరగడానికి మిగిలేది 'ఘనపరిమాణం − బి'. ఇక గోడను తాకబోయే అణువును వెనకున్నవి లోపలికి లాగుతాయి. తాకేవాటి సంఖ్యా, లాగేవాటి సంఖ్యా సాంద్రతను బట్టే పెరుగుతాయి కనుక పీడనంలో తగ్గుదల సాంద్రత వర్గానికి అనులోమం; ఆకర్షణ బలాన్ని సూచించే ఆ స్థిరాంకమే ఎ. తగ్గినదాన్ని తిరిగి కలపాలి. చాలామంది గుర్తు తప్పేది ఇక్కడే.

(పీడనం + ఎ/ఘనపరిమాణం²) × (ఘనపరిమాణం − బి) = ఆర్ × పరమ ఉష్ణోగ్రత

ఇందులో ఆర్ వాయు స్థిరాంకం. బి అణువుల అసలు పరిమాణం కాదు, దానికి 4 రెట్లు. ఏ ఉష్ణోగ్రత దాటితే వాయువును ఎంత నొక్కినా ద్రవం కాదో ఆ సందిగ్ధ ఉష్ణోగ్రత 8ఎ/27ఆర్‌బి, తక్కువ పీడనాల్లో వాయువు దాదాపు ఆదర్శంగా నడిచే బాయిల్ ఉష్ణోగ్రత ఎ/ఆర్‌బి. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీల సెల్సియస్. మన మే నెల మధ్యాహ్నపు వేడిలో దాన్ని ఎంత నొక్కినా ద్రవం కాదు. ఎ విలువ అతి స్వల్పమైన హీలియం 1908 దాకా లొంగలేదు. దాన్ని ద్రవీకరించిన కామర్లింగ్ ఓనెస్‌దీ లైడెనే.

వాండర్‌వాల్స్‌కు 1910లో నోబెల్ వచ్చింది భౌతికశాస్త్రంలో, రసాయనశాస్త్రంలో కాదు.