గేటు లేని కాలేజీకి పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి బోస్టన్‌లోని ఎమర్సన్ కాలేజీలో సినిమా కోర్సులో సీటొచ్చింది. గేటూ ప్రహరీ లేని కాలేజీ అంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: పంపండమ్మా. బాయిల్‌స్టన్ వీధి చుట్టుపక్కల కొన్ని భవనాలు, ఎదురుగా బోస్టన్ కామన్ పార్కు. క్యాంపస్ అంటే అదే. ట్రైపాడ్ భుజాన వేసుకుని గ్రీన్‌లైన్ రైలెక్కే పిల్లలు అక్కడ మామూలే. మొదటి ఏడాది సీనియర్ల షూటింగులో గంటల తరబడి బూమ్ మైకు పట్టుకుని నిలబడాల్సి వచ్చినా నామోషీ పడొద్దనండి. పరిచయాలు పెరిగేది అక్కడే. 1949 నుంచి నడుస్తున్న కాలేజీ రేడియో డబ్ల్యూఈఆర్‌ఎస్‌లోనూ ప్రయత్నించమనండి. మాటలో తడబాటు తగ్గడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. స్కాలర్‌షిప్ ఎంతిస్తారో కాగితం మీద చూసుకున్నాకే డిపాజిట్ కట్టండి.