చర్మ క్యాన్సర్‌కు జన్యు చికిత్స: బైపీసీ విద్యార్థికి తెరిచి ఉన్న దారులు

ఇంటర్లో బైపీసీ తీసుకుంటే నీట్ రాయాలి, సీటు రాకపోతే చదువు వృథా అయినట్టే అన్న మాట మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. భావనపాడు, సంతబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాల విద్యార్థులకు అది నిజం కాదని గట్టిగా చెప్పాలి. క్యాన్సర్‌ను జన్యువులతో ఎదుర్కొనే రంగంలో డాక్టర్లతో పాటు జీవశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్, గణాంక శాస్త్రం చదివినవాళ్లకూ పని ఉంది.

ఈ చికిత్స ఏమిటి?

చర్మ క్యాన్సర్లలో ప్రాణాంతకమైనది మెలనోమా. మనవాళ్లలో అరుదు. వచ్చినప్పుడు అరికాలి మీదో, గోరు కిందో మొదలయ్యే రకం తరచుగా కనిపిస్తుంది. అరికాలి మీది నల్లమచ్చ పెరుగుతున్నా, పుండు మానకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మెలనోమాకు అమెరికాలో 2015 అక్టోబరులో టీ-వెక్ అనే మందుకు అనుమతి వచ్చింది. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ నుంచి రెండు జన్యువులు తీసేసి, రోగనిరోధక కణాలను పిలిచే ఒక మానవ జన్యువును చేర్చారు. కణితిలోకి ఇంజెక్షన్ చేస్తే ఈ వైరస్ క్యాన్సర్ కణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది, శరీర రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుంది. 436 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు తీసుకున్నవారిలో 16.3 శాతం మందికి ఆరు నెలలకు తగ్గకుండా నిలిచే ఫలితం కనిపించింది. పోల్చి చూసిన మందుతో అది 2.1 శాతమే. వైరస్ నిర్మాణాన్ని వివరించిన పరిశోధన పత్రం 2003లో వెలువడింది. అంటే అక్కడి నుంచి అనుమతి దాకా పన్నెండేళ్లు పట్టింది. ఈ రంగంలోకి వచ్చేవారికి ఓపిక తొలి అర్హత.

ఎక్కడెక్కడ ఉద్యోగాలు?

ఆ పన్నెండేళ్లలాంటి ప్రయాణంలో ప్రతి మజిలీకీ వేరే నైపుణ్యం కావాలి. జన్యువును మార్చడానికి, కణాలను పెంచడానికి మాలిక్యులర్ బయాలజీ చదివినవారు ఉండాలి. ఎలుకల్లో భద్రతా పరీక్షలకు టాక్సికాలజీ తెలిసినవారు, శుద్ధమైన గదుల్లో మందు తయారీకి, నాణ్యత పరీక్షలకు బీఫార్మసీ, బయోటెక్నాలజీ వాళ్లు అవసరం. రోగులపై పరీక్షల్లో నర్సులు, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్లు, గణాంక నిపుణులు పనిచేస్తారు. అనుమతుల పత్రాలు సిద్ధం చేసేవారిది మరో వృత్తి. జన్యు చికిత్సలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లో జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ విభాగంలో చేరాలనుకునేవారు వాటిని చదివి తీరాలి.

మన దేశంలోనూ పని మొదలైంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు (రోగి రక్షణ కణాల జన్యువులను మార్చి రక్త క్యాన్సర్‌కు వాడే కార్-టీ చికిత్స) 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసే ఇమ్యునోయాక్ట్‌లో హైదరాబాద్ కంపెనీ లారస్ ల్యాబ్స్ 2021లోనే వాటా కొంది. విశాఖ అగనంపూడిలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పైడిభీమవరం, పరవాడ మందుల పరిశ్రమల్లో అలవడే తయారీ క్రమశిక్షణ, తప్పు లేకుండా రికార్డు రాసే అలవాటు రేపు జన్యు చికిత్సల కంపెనీల్లోనూ పనికొస్తాయి.

ఏ పరీక్షలు రాయాలి?

ఇంటర్ తర్వాత కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా సంస్థలైన ఐసర్‌ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయండి. అందులో జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం సమానంగా ఉంటాయి. బైపీసీవాళ్లు గణితం విడిగా నేర్చుకోవాలి, ఇంటర్ మొదటి ఏడాదే మొదలుపెట్టండి. తిరుపతి ఐసర్ ఒక్కటే కాదు, ఇచ్ఛాపురం దాటాక బరంపురంలోనూ ఐసర్ ఉంది. పలాసలో రైలెక్కితే చేరుకోవచ్చు. ఫార్మసీకి ఏపీ ఈఏపీసెట్ దారి. డిగ్రీ అయ్యాక ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో పీజీకి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీకి గాట్-బీ రాయాలి. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 నుంచి నెలకు రూ.37,000 ఫెలోషిప్ వస్తోంది. ఇంటి మీద భారం వేయకుండా పరిశోధన చేయవచ్చు.

మనవాళ్లు చేరుకున్నారు

కొత్తగూడెంలో పుట్టిన కన్నెగంటి తిరుమలాదేవి కాకతీయలో డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. ఇప్పుడు అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పరిశోధన ఆసుపత్రిలో రోగనిరోధక శాస్త్రవేత్త. కేంద్రకం నుంచి ప్రొటీన్ల రవాణాను ఆపే మందును ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి ఇస్తే ఎలుకల్లో మెలనోమా కణితులు తగ్గాయని ఆమె బృందం 2021లో చూపింది. అది జన్యు చికిత్స కాదు. అయితే క్యాన్సర్ కణం ఎలా చస్తుందో తెలిస్తేనే రేపటి చికిత్సలకు ఆధారం దొరుకుతుంది. ఆమె చదువుకు పునాది పడింది అప్పటి ఉమ్మడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనే.

ఈ ఏడాది ఒక పని చేయండి. పైన చెప్పిన పనుల్లో మీకు నచ్చినది ఒకటి ఎంచుకుని, దానికి కావాల్సిన పరీక్ష సిలబస్ ముందు పెట్టుకోండి. పాఠ్యపుస్తకంలోని జన్యుశాస్త్రం అధ్యాయాలను మార్కుల కోసం కాక అర్థం కోసం చదవండి. ఇంగ్లిష్‌లో రోజూ ఒక పేజీ శాస్త్ర వ్యాసం చదివి, తెలుగులో మీ మాటల్లో రాసుకోండి. నీట్ సీటు రాలేదని చదువు ఆపకండి. క్యాన్సర్ రోగికి మేలు చేయడానికి అది ఒక్కటే దారి కాదు.