కెర్నెల్ తాళములు: ఒకే పనిని పదిచోట్ల వ్రాయుటవలని కీడు

విజయవాడలోని ఆటోనగరు వీథులందు నడచినవారికి లారీల బాడీలు కట్టు చప్పుడును, లేతుయంత్రముల రొదయు, వెల్డింగు వెలుగులును పరిచితములే. అచ్చటి షెడ్డు నొకదానిని మనస్సున నూహింపుడు. అందు పనివారు పదిమంది. విలువగల పనిముట్లున్న గది యొకటి. దాని తాళపుచెవి యొకటియే. అది గోడమేకునకు వ్రేలాడుచుండును. పనిముట్టు కావలసినవాడు తాళపుచెవిని తీసికొని, గది తెఱచి, పని ముగించుకొని, దానిని మరల మేకునకు తగిలింపవలెను. మేకు వట్టిదైయున్నచో రెండవవాడు వేచియుండవలెను. ఈ చిన్న నియమమువలన కలహము తప్పుచున్నది.

కంప్యూటరునందును ఇట్టి యేర్పాటే కలదు. జ్ఞాపకస్థలమును, ప్రాసెసరు కాలమును, డిస్కును ప్రోగ్రాములకు పంచియిచ్చు మూలభాగమును కెర్నెల్ అందురు. నేటి యంత్రములలో ప్రాసెసరు కోరులు పెక్కులుండుటచే అనేక కార్యములు ఏకకాలమున జరుగుచుండును. ఒక లెక్క 5 అని యున్నదనుకొనుడు. రెండు కోరులు ఒక్కమారే దానిని చదివి, చెరియొకటి కలిపి, 6 అని వ్రాసినయెడల, 7 కావలసినది 6గా నిలిచిపోవును. ఈ తప్పును వారించుటకే లాకు, అనగా తాళము, ఏర్పడినది. ఇట్టి చిక్కునకు పరిష్కారమును హాలండు దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను.

ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ కెర్నెల్ చరిత్రము ఇందులకు మంచి నిదర్శనము. 1996లో వెలువడిన 2.0 కూర్పునందు బహుప్రాసెసరుల యంత్రములకై కెర్నెల్ అంతటికిని ఒకే పెద్దతాళము వేసిరి. అది క్షేమమే గాని, ఒకడు లోపలనుండగా తక్కినవారందఱు బయట నిలువవలసివచ్చెను. కావున క్రమముగా చిన్నతాళముల ననేకములు చేర్చుచు వచ్చి, 2011లో 2.6.39 కూర్పునందు ఆ పెద్దతాళమును పూర్తిగా తొలగించిరి.

తాళములు హెచ్చినకొలది మఱియొక కష్టము పుట్టును. తాళము తీసికొనుట, పరీక్షించుట, పని చేయుట, తాళము విడుచుట అను నాలుగు వరుసలనే పదిచోట్ల నకలు వ్రాయుదురు. ఒకచోట జ్ఞాపకస్థలము చాలక పని నడుమనే మరలిపోవు మార్గమున, తాళము విడుచుట మఱచిపోవుదురు. పనిముట్టు దొరకలేదని విసిగి, తాళపుచెవిని జేబులో నుంచుకొనియే టీ త్రాగబోయిన పనివానివలె నిది షెడ్డునంతయు స్తంభింపజేయును. ఒక నకలున తప్పు దిద్దినను తక్కిన తొమ్మిదింట నది నిలిచియే యుండును.

కావున ఆ వరుసలను ఒక్క ఫంక్షనుగా ఒకేచోట వ్రాసి, తక్కినచోట్ల దానిని పిలుచుట మేలు. బాహ్యప్రవర్తన మారకుండ లోపలి కూర్పును చక్కబఱచు నీ పనికి రీఫ్యాక్టరింగు అని పేరు. 2023లో వెలువడిన 6.5 కూర్పున గార్డు అను సాధనము కెర్నెల్‌లో చేరినది. ఏ మార్గమున బయటికి పోయినను తాళము దానంతట నదే విడువబడునట్లు కంపైలరే చూచుకొనును.

అయితే ఒక హెచ్చరిక. ఒకే తీరున కనబడు నకళ్లన్నియు నిజముగా ఒకటి కావు. ఒక నకలు స్పిన్‌లాకును తీసికొనునపుడు ఇంటరప్టులను గూడ ఆపును, రెండవది ఆపదు. ఇంటరప్టు అనగా పరికరమేదైన పిలిచినపుడు ప్రాసెసరు చేతిపని నిలిపి ఆ పిలుపు నందుకొనుట. నిలిచిపోయిన పని చేతనున్న తాళమునే ఆ పిలుపు నందుకొన్నది కోరినచో, తన జేబులో తాళపుచెవి నుంచుకొని దానికై మేకువద్ద నిలిచిన మూఢునివలె ఆ ప్రాసెసరు ఎన్నటికిని కదలజాలదు. నకళ్లను కలుపు తొందరలో ఇంటరప్టుల నాపు మాటను తొలగించినవాడు ఈ కీడును తానే తెచ్చిపెట్టుకొనును.

మఱి రెండు నియమములు గలవు. స్పిన్‌లాకు చేతనుండగా నిద్రించు పని చేయరాదు. అట్టి పనికి మ్యూటెక్స్ తగినది. రెండు తాళములు కావలసినచో అందఱును ఒకే వరుసలో తీసికొనవలెను. ఒకడు మొదటిదానిని, వేఱొకడు రెండవదానిని పట్టుకొని, ఒకరి చేతిదానికై యొకరు చూచినయెడల ఇరువురును నిలిచిపోవుదురు. ఈ వరుసతప్పులను కనిపెట్టు లాక్‌డెప్ అను సాధనము 2006లో కెర్నెల్‌లో చేరినది.

కావున కలుపబూనువాడు మొదట నకళ్లనన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి భేదములను వ్రాసికొనవలెను. భేదమేలయో తెలిసినపిమ్మటనే చేయి వేయవలెను. ఒక్కొక్క నకలునే మార్చి, ప్రతిమాఱును పరీక్షింపవలెను. పిలుచువాడే తాళము తీసికొని రావలసిన ఫంక్షను అయినచో, ఆ సంగతి దాని పేరునందే తెలియజేయవలెను.

ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నది ఈ లినక్స్ కెర్నెలే. మన యింటివారి చేతిలోని యంత్రము నడుమ బిగిసిపోక నడచుచున్నదన్నచో, ఎవరో కన్నులకు కనబడని పనివారు తాళపుచెవిని మఱవక మేకునకు తగిలించిరని యెఱుంగుడు. మీరును ఏ పని చేపట్టినను ఆ అలవాటునే అభ్యసింపుడు.