పేరు నీది, ప్లాను కూడా నీ చేతిలో ఉండాలి

చెల్లీ, మన ఎలమంచిలిలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా ఎవరో ఒకరు మేడ మీద మేడ లేపుతున్నారు. అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసేవాళ్లు అద్దెకు దిగుతారు, నెల తిరిగేసరికి నాలుగు డబ్బులొస్తాయి. మంచిదే, కట్టుకోవాలి. కానీ ఆ స్థలం ఎవరి పేరున ఉందో ఒకసారి చూసుకున్నావా? పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిందో, ప్రభుత్వం ఇచ్చిన పట్టానో, ఇద్దరూ కష్టపడి కొని ఇల్లాలి పేరున రిజిస్టర్ చేయించిందో... చాలా ఇళ్లలో కాగితం మీద పేరు మనదే. మేస్త్రీతో మాట్లాడేది, బేరం కుదిర్చేది, అడ్వాన్సు ఇచ్చేది మాత్రం మగవాళ్లు. మనం టీ గ్లాసులు అందించి లోపలికి వచ్చేస్తాం. రేపు మున్సిపాలిటీ నోటీసు వస్తే యజమాని పేరున వస్తుంది. అంటే నీ పేరున.

ఒక అంతస్తుకు అనుమతి తీసుకుని రెండోది కట్టడం, వీధి వైపు వదలాల్సిన జాగాలోకి బాల్కనీ జరపడం మామూలే అనుకుంటున్నారు అందరూ. ‘ముందు కట్టేద్దాం, తర్వాత బీపీఎస్‌లో పెట్టుకోవచ్చు’ అని ధైర్యం చెబుతారు. అనుమతి లేకుండా కట్టినవాటిని రుసుం తీసుకుని క్రమబద్ధం చేసే ఆ పథకం 2015లో వచ్చింది, 2019లో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఫలానా తేదీకి ముందు కట్టినవాటికే అన్నారు. నువ్వు రేపు కట్టబోయేదానికి దాన్ని నమ్ముకోవడం ఎలా? పైగా రుసుం కట్టించుకుని కాగితం ఇస్తారే గానీ, బలం లేని పిల్లర్‌కి బలం ఇవ్వరు కదా.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టిగా చెప్పింది. కట్టి ఏళ్లు గడిచాయనీ, బోలెడు డబ్బు పెట్టామనీ చెప్పి అక్రమ కట్టడాన్ని నిలబెట్టుకోవడం కుదరదంది. ఇల్లు ప్లాను ప్రకారం పూర్తయిందన్న సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా అది చూసే అప్పు ఇవ్వాలనీ ఆదేశించింది. అందుకని ఎప్పుడైనా నోటీసు వస్తే బీరువాలో దాచెయ్యకు. జవాబు రాతలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో.

ఇక అసలు భయం ప్రాణాల గురించి. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, చందనోత్సవం రోజున, సింహాచలంలో గోడ కూలి ఏడుగురు పోయారు. అప్పన్న నిజరూపం చూద్దామని క్యూలో నిలబడ్డవాళ్లు. అది పాత గోడ కాదు, కొత్తగా కట్టింది. ఫ్లైయాష్ ఇటుకలతో లేపారు, మధ్యలో కాంక్రీటు పిల్లర్లు లేవు, వెనక చేరిన వాననీరు బయటికి పోవడానికి సరైన దారి లేదు. మనం కూడా ఇంటి ప్లానుకైతే ఇంజనీరును పిలుస్తాం, ప్రహరీ మాత్రం మేస్త్రీకి వదిలేస్తాం. నీ స్థలం పక్కవాళ్ల కంటే ఎత్తుగా ఉంటే, మట్టి పోసి మెరక చేయించి ఉంటే, ఆ గోడ ఒక్కటే ఆ మట్టినంతా ఆపాలి. వాన పడి మట్టి తడిస్తే బరువు మరీ పెరుగుతుంది. నీళ్లు కారిపోవడానికి గోడ కింది భాగంలో రంధ్రాలు పెట్టించు, దగ్గర దగ్గరగా పిల్లర్లు వేయించు. గోడకి అవతల పక్కింటి పిల్లలు ఆడుకుంటారు, చెల్లీ.

పాత ఇంటి మీద అంతస్తు వేసేటప్పుడు, పునాది ఎన్ని అంతస్తులకు వేశారో ఎవరికీ గుర్తుండదు. మామగారు ఎప్పుడో వేయించిన పిల్లర్లు, లోపల ఎన్ని ఊచలున్నాయో తెలియదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి పునాది పక్కన తవ్వి చూపించాలి. దానికయ్యే ఖర్చు, మొత్తం ఖర్చులో ఏపాటి?

స్లాబ్ రోజున నువ్వు మేడ ఎక్కు. ఊచలు సెంట్రింగ్ రేకుకు ఆనుకుని ఉన్నాయేమో వంగి చూడు. కింద కవర్ బ్లాకులు పెట్టి కాస్త పైకి లేపాలి. లేకపోతే మన సముద్రపు గాలికి కొన్నేళ్లలోనే తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులు ఊడి నెత్తిన పడతాయి. కాంక్రీటు మాల్ సులువుగా జారాలని నీళ్లు ఎక్కువ పోస్తుంటే ఆపించు. కాంక్రీటు పోయకముందే ఊచల ఫొటోలు తీసి పెట్టుకో, తర్వాత ఎవరూ చూపించలేరు. క్యూరింగ్‌కి నీళ్లు పట్టేది ఎలాగూ మనమే, వారానికి తగ్గనివ్వకు. దూలాల కింద సపోర్టులు రెండు వారాలైనా ఉండాలి, పిల్లర్ల మధ్య దూరం ఎక్కువైతే మూడు.

కాంట్రాక్టరుతో నోటిమాట వద్దు. అడుగు రేటు, సిమెంటు రకం, ఊచల కంపెనీ, ఏ దశకు ఎంత డబ్బు, కూలీలకు బీమా ఎవరు కట్టాలి, అన్నీ స్టాంపు పేపరు మీద రాయించు. ఈ బీమా మాట గట్టిగా పట్టుకో. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, అందులో చాలామంది మన ఉత్తరాంధ్ర నుంచి కూలికి వెళ్లినవాళ్లే. మన ఇంటి గోవా మీద నిలబడేవాడూ అలాంటి ఇంటి బిడ్డే. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

డబ్బు చేతికి ఇవ్వకు, బ్యాంకు ద్వారా పంపు. ఇల్లు కట్టివ్వడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది, కాబట్టి పని పాడైతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. స్థలం బిల్డర్‌కిచ్చి ఫ్లాట్లు తీసుకునేవాళ్లకూ ఆ హక్కుంది. ఫ్లాటు కొంటున్నావా, ఆ ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి ఇవ్వకు. ఫ్లాటు చేతికొచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన ముప్పై రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి.

ఇంకొకటి. ఇంటి ముందు నుంచి పదకొండు కేవీ లైను పోతుంటే, పై అంతస్తు వేశాక బాల్కనీలో బట్టలారేసే చెయ్యి వైరును అందుకునేంత దగ్గరవుతుంది. పక్కనుంచి కనీసం 1.2 మీటర్లు, నెత్తి మీద 3.7 మీటర్లు దూరం ఉండాలి. లేకపోతే స్లాబ్ వేయకముందే లైను జరపమని ఈపీడీసీఎల్ ఆఫీసులో అర్జీ పెట్టు, రసీదు తీసుకో.