వ్యవస్థ మారితే ఫైలు మారుతుందా? కమాండ్ లైన్ నేర్చుకొనే ఉద్యోగార్థులకు

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్ వంటి కొలువులకు సిద్ధమయ్యేవారిలో చాలామంది విండోస్ మీదనే చదువు పూర్తిచేసుకొని వస్తుండగా, వారికి అప్పగించే సర్వర్లు ఎక్కువగా లైనక్స్‌వే కావడం వల్ల, ఆదేశాలు టైపు చేసి ఫైళ్లను ఒక వ్యవస్థ నుంచి మరొకదానికి చేరవేయడం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎదురయ్యే పని.

ఇందుకు ఆధారం ఎస్‌ఎస్‌హెచ్, అనగా రెండు యంత్రాల మధ్య సాగే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేని విధంగా గూఢలిపిలోకి మార్చే నియమావళి. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల చౌర్యం జరిగిన దరిమిలా, 1995లో టాటు యిలోనెన్ దీనిని రూపొందించారు. దీని మీద నడిచే ఎస్‌సీపీ అనే ఆదేశం 2018 నాటి నవీకరణల నుంచి విండోస్ 10లోనూ సిద్ధంగా లభిస్తున్నది. ఎస్‌సీపీ అని రాసి, ఫైలు పేరు, ఆపైన వాడుకరి పేరు, @ గుర్తు, సర్వర్ చిరునామా, చివర కోలన్ పెట్టి గమ్యస్థానం తెలపాలి. ఆ కోలన్‌నే మరచినట్లయితే ఏ దోషసూచనా రాదు. ఫైలు సర్వర్‌కు పోకుండా, @ గుర్తుతో కూడిన విచిత్రమైన పేరుతో సొంత కంప్యూటరులోనే మరో ప్రతిగా మిగిలిపోతుంది.

అయితే ఆదేశాన్ని కంఠస్థం చేయడం ఇందులో అల్పభాగం; అభ్యర్థి పనితనం తెలిసేది ఫైలు చేరిన తర్వాతనే. విండోస్‌లో ప్రతి పంక్తి చివర సాధారణంగా రెండు కనిపించని అక్షరాలు ఉంటాయి, లైనక్స్‌లో ఒకటే ఉంటుంది. అందువల్ల విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టు, అనగా వరుస ఆదేశాల ఫైలు, చెక్కుచెదరకుండా చేరినప్పటికీ, స్క్రిప్టును నడిపే ప్రోగ్రామును తెలిపే మొదటి పంక్తి చివరనున్న అదనపు అక్షరాన్ని లైనక్స్ ఆ ప్రోగ్రాము పేరులో భాగంగా చదివి, అటువంటి ప్రోగ్రామే లేదని మొరాయిస్తుంది. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న సాధనం ఆ అదనపు అక్షరాన్ని తొలగిస్తుంది. పేర్లలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది: పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో లైనక్స్‌లో విడివిడిగా ఉన్న రెండు ఫైళ్లను విండోస్ మామూలుగా ఒకే పేరుగా పరిగణిస్తుంది కనుక, అక్కడికి చేరవేసినప్పుడు రెండవది మొదటిదానిని చెరిపివేయవచ్చు.

ఫైలు సరిగా చేరిందో లేదో కంటిచూపుతో తేల్చడం పొరపాటు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ (షా256 పద్ధతిని పేర్కొన్నప్పుడు), లైనక్స్‌లో షా256సమ్ అనే ఆదేశాలు ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకొని 64 అక్షరాల ముద్రను ఇస్తాయి. రెండు ముద్రలూ సరిపోలితేనే చేరవేత సక్రమమైనట్లు. డాస్‌టుయూనిక్స్ వాడితే ముద్ర మారిపోతుంది గనుక ఈ పరీక్షను అంతకుముందే జరపాలి.

అభ్యాసానికి రెండో కంప్యూటరు అక్కరలేదు. విండోస్‌లోనే లైనక్స్‌ను నడపనిచ్చే డబ్ల్యుఎస్‌ఎల్ ద్వారా ఉబుంటు అనే లైనక్స్‌ను ఉచితంగా స్థాపించుకొని, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను నడిపితే, పైన చెప్పినవన్నీ విద్యార్థి ఇంట్లోనే చేసి చూడవచ్చు.