ఇంజిన్ స్వాప్ అంటే ఏంటి? పోర్షే 944తో నేర్చుకుందాం

పాత ఫోన్‌లో కస్టమ్ రోమ్ వేసిన వాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. ఫ్లాష్ చేయడానికి పది నిమిషాలు చాలు. కెమెరా, ఫింగర్‌ప్రింట్, కాల్స్ అన్నీ సరిగ్గా పనిచేయించడానికే రోజులు పడుతుంది. కార్లలో ఇంజిన్ స్వాప్ కూడా అంతే. వీడియోలో పాత ఇంజిన్ తీసి కొత్తది దించే సీన్ రెండు నిమిషాలే ఉంటుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

944కి తక్కువ పేరు ఎందుకు వచ్చింది?

పోర్షే అనగానే అందరికీ 911 గుర్తొస్తుంది. వెనక ఇంజిన్, ఆరు సిలిండర్లు. 1982 నుంచి 1991 దాకా అమ్మిన 944 దానికి రివర్స్. ముందు ఇంజిన్, నాలుగే సిలిండర్లు. పైగా దీనికి మూలమైన 924ని మొదట ఫోక్స్‌వ్యాగన్ కోసం డిజైన్ చేశారు, దాని ఇంజిన్ కూడా ఆడిదే. అందుకే "అసలు పోర్షే కాదు" అన్న మాట 944కీ అంటుకుంది. నిజానికి 944లో ఉన్న 2.5 లీటర్ల ఇంజిన్ పోర్షే సొంతంగా చేసుకున్నదే.

ఈ కారు గొప్పతనం బ్యాలెన్స్‌లో ఉంది. ఇంజిన్ ముందు ఉన్నా గేర్‌బాక్స్‌ని వెనక చక్రాల దగ్గర పెట్టారు. దీన్నే ట్రాన్సాక్సిల్ అంటారు. రెండింటినీ కలిపేది టార్క్ ట్యూబ్ అనే గట్టి గొట్టం, దాని లోపల షాఫ్ట్ తిరుగుతుంది. దీనివల్ల బరువు ముందు, వెనక దాదాపు సగం సగం పడుతుంది. మలుపుల్లో కారు చెప్పిన మాట వింటుంది.

మరి స్వాప్ ఎందుకు చేస్తారు?

ఒరిజినల్ ఇంజిన్‌కి ఒక బలహీనత ఉంది, టైమింగ్ బెల్ట్. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి, వాల్వులు వంగిపోతాయి. కారు చవగ్గా దొరికినా రిపేర్ బిల్లు చవగ్గా ఉండదు. దాంతో చాలా కార్లు బాడీ బాగున్నా మూలన పడ్డాయి. అమెరికాలో అలాంటి వాటికి ఎక్కువగా వేసే ఇంజిన్ జనరల్ మోటార్స్ ఎల్ఎస్ కుటుంబం వీ8. ఇందులో మొదటిదైన ఎల్ఎస్1 1997 కార్వెట్‌లో వచ్చింది. 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్.

ఇంత పెద్ద ఇంజిన్ ఎలా పడుతుంది అని డౌట్ రావచ్చు. దీనికి క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాక్ లోపలే ఉంటుంది. తలల మీద క్యామ్‌షాఫ్ట్‌లు లేవు కాబట్టి వెడల్పు, ఎత్తు తగ్గుతాయి. బ్లాక్ అల్యూమినియం కావడంతో ముందు బరువు కూడా మరీ పెరగదు. అయినా ఆయిల్ ప్యాన్‌కి కింద క్రాస్‌మెంబర్, ఎగ్జాస్ట్‌కి పక్కన స్టీరింగ్ షాఫ్ట్ అడ్డం వస్తాయి.

అసలు లెక్క ఇక్కడుంది

యూరప్ మోడల్ మామూలు 944 టార్క్ 205 న్యూటన్ మీటర్లు. 1997 ఎల్ఎస్1ది దాదాపు 475. అంటే రెండింతలకు పైనే. ఆ బలం మొత్తం క్లచ్, షాఫ్ట్, గేర్‌బాక్స్ గుండానే చక్రాలకి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే స్వాప్ బాటిల్‌నెక్‌ని తీసేయదు, ఇంకో చోటికి జరుపుతుంది. అందుకే తెలిసినవాళ్లు 944 టర్బో గేర్‌బాక్స్ వెతుకుతారు. బ్రేకులు, రేడియేటర్ కూడా అదే బడ్జెట్‌లో రాసుకోవాలి.

తర్వాత ఈసీయూ. క్రాంక్, క్యామ్, గాలి, ఆక్సిజన్, కూలెంట్ సెన్సర్ల డేటా అందితేనే అది సరిగ్గా పనిచేస్తుంది. పైగా జీఎం ఈసీయూలో యాంటీ-థెఫ్ట్ లాక్ ఉంటుంది. సరైన తాళం సిగ్నల్ రాకపోతే ఫ్యూయల్ ఆపేస్తుంది. దాన్ని ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆఫ్ చేయాలి, మన బూట్‌లోడర్ అన్‌లాక్ లాగా. థ్రాటిల్ సంగతీ ముందే చూసుకోవాలి. కార్వెట్‌ది ఎలక్ట్రానిక్, 1998 నుంచి 2002 దాకా వచ్చిన కమారోలో అదే ఎల్ఎస్1కి కేబుల్. 944 పెడల్‌కి కేబుల్ రకం సులువు.

చేయాలా, వద్దా?

నా లెక్క సింపుల్. ఒరిజినల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే బెల్ట్ టైమ్‌కి మార్చుకుని నడుపుకోవడమే మంచిది. మంచి ఇంజిన్‌ని పీకేస్తే దాని చరిత్ర కూడా పోతుంది. ఇంజిన్ చచ్చిపోయి బాడీ బాగుంటే మాత్రం స్వాప్ ఆ కారుని తుక్కు కాకుండా కాపాడుతుంది.

మన దగ్గర మాత్రం జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ ఒకటి, బోనెట్ కింద ఉన్నది ఇంకోటి అయితే యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది. కాబట్టి ఏ ప్రాజెక్ట్ వీడియో చూసినా హార్స్‌పవర్ నంబర్ దగ్గర ఆగిపోకండి. గేర్‌బాక్స్ ఏది, బ్రేకులు ఏవి, వైరింగ్ ఎలా చేశారు అని చూడండి. ఆ మూడూ చెప్పని వీడియోలో మీరు చూసింది సగం పనే.