టీవీ రీచార్జి, నోటు వెనక చెల్లు

కిరండూల్‌లో పొద్దుటి షిఫ్టు వాళ్లు కొండెక్కాక ఇళ్లలో వినిపించేవి రెండే. ఒకటి కుక్కరు విజిలు, రెండోది టీవీ. విశాఖ నుంచి అరకు సొరంగాలు దాటుకుంటూ వచ్చే ప్యాసింజరుకి ఇదే ఆఖరి స్టేషను. బైలదిల్లా ఇనప రాయిని రేవుకి చేర్చి జపాను పంపడానికి 1960లలో వేసిన లైను అది. రాయి కిందికి దిగింది, శ్రీకాకుళం, విజయనగరం మనుషులు పైకి ఎక్కారు. వాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు కిరండూల్, బచేలీ, జగదల్‌పూర్‌లలో ఉన్నారు. బస్తర్‌కి దక్షిణపు అంచున భోపాల్‌పట్నం, కోంటా ఉన్నాయి. అక్కడి తెలుగుకి మాత్రం ఏ రైలూ అక్కర్లేకపోయింది. సరిహద్దు ఏటికి ఇవతలా అవతలా మొదటి నుంచీ అదే మాట.

అప్పున్న ఇంట్లో ఏదో ఒక రాత్రి ఈ తగువు వస్తుంది. డీటీహెచ్ రీచార్జి నెలకి 450 రూపాయలు. "ముందు ఆ టీవీ తీసేయించు" అని ఆయన. "టీవీ తీసేత్తే పగలల్లా నానేటి సెయ్యాల?" అని ఆవిడ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాగితం మీద లెక్క మాత్రం ఇద్దరూ వేసి ఉండరు. నేను చాలావరకు ఆవిడ పక్షం. ఎంతవరకు అన్నది వడ్డీని బట్టి చెబుతాను.

టీవీ జోలికి వెళ్లేముందు అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. పెద్ద అప్పు పైన రాయడం అందరూ చేసే పని. అలా కాకుండా పెద్ద వడ్డీని పైన రాయండి. బ్యాంకు ఇంటి లోను నెలకి నూటికి రూపాయి లోపు పడుతుంది. మైక్రోఫైనాన్సు గ్రూపు లోను రెండు రూపాయల చుట్టూ తిరుగుతుంది. ఊళ్లో నోటు రాసి తెచ్చింది, క్రెడిట్ కార్డులో మినిమం మాత్రమే కట్టి వదిలేసింది మూడు రూపాయలు, ఆ పైన. ఇల్లు గడిచాకా చేతిలో నాలుగు రాళ్లు మిగులుతూ, ఉన్న అప్పల్లా రూపాయి లోపు వడ్డీదే అయితే మీరు ఇక్కడితో చదవడం ఆపి సీరియల్ చూసుకోవచ్చు. తొమ్మిది శాతం లోనుని టీవీ ఆపి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

మూడు రూపాయల అప్పు సంగతి వేరు. ఒక కాంట్రాక్టు కార్మికుడి ఇల్లు అనుకుందాం. చెల్లెలి పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో సొంతూళ్లో 40 వేలు నోటు మీద తెచ్చాడు. నెలకి వడ్డీయే 1,200. అతను 2 వేలు కడుతున్నాడు. అలా కడుతూ పోతే 31 నెలలు పడుతుంది, మొత్తం 62 వేలు అవుతుంది. టీవీ ప్యాకు సగానికి పైగా తగ్గించి, మిగిలిన 250 కూడా ఆ అప్పుకే కలిపితే 26 నెలల్లో తీరుతుంది, మొత్తం 58 వేల చిల్లర. ఐదు నెలలు, దాదాపు 4 వేలు మిగులు. టీవీ పూర్తిగా తీసేసి 450 కలిపితే 23 నెలలు, 56 వేలకి కాస్త లోపు.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్యాకు తగ్గించడంతోనే ఐదు నెలలు కలిసొచ్చాయి. మొత్తం తీసేస్తే వచ్చేది ఇంకో మూడు నెలలు. ఆ మూడు నెలల వడ్డీ తేడా, 26 నెలల పాటు కట్టే చిన్న ప్యాకు డబ్బు కలిపితే ఏడు వేల పైచిలుకు. అంటే రెండేళ్ల చిల్లర పాటు ఇంట్లో తెలుగు వినిపించడానికి మీరు పెట్టే ఖరీదు అది. ఎక్కువనిపిస్తే తీసేయండి. నాకైతే ఎక్కువనిపించలేదు. బడిలో హిందీ, సంతలో హల్బీ, పక్కింట్లో గోండీ, ఛత్తీస్‌గఢీ వినే పిల్లకి అమ్మానాన్నా కాకుండా ఇంకెవరైనా తెలుగు మాట్లాడగా వినబడేది ఆ పెట్టెలోంచే. విజయవాడలో ఉన్నవాడికి ఈ మాట చెప్పను. వాడు గుమ్మం దాటితే చాలు, తెలుగే.

ఇక ప్యాకు ఎలా తగ్గించాలి? 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త పద్ధతిలో బిల్లు రెండు ముక్కలు. ఒకటి నెట్‌వర్కు ఫీజు, అంటే కనెక్షన్‌కి నెలవారీ అద్దె లాంటిది. రెండోది మీరు కోరుకున్న పే ఛానెళ్ల ధర. ఉచిత ఛానెళ్లు ఆ అద్దెలోనే వస్తాయి. అద్దెకి 130 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది కాబట్టి ఇప్పుడు అద్దె కంపెనీని బట్టి మారుతుంది. మీది ఎంతో అడిగి తెలుసుకోండి. 130 అనుకుంటే, ఒక్కోటి 19 రూపాయల చొప్పున రెండు తెలుగు ఛానెళ్లు తీసుకున్నా జీఎస్టీతో అంతా కలిపి 200 దాటదు. 450 ఎలా అయిందంటే, ఎవరూ చూడని స్పోర్ట్సు, ఇంగ్లీషు సినిమాలు, కార్టూన్లు గంపగుత్తగా ప్యాకులో కూర్చున్నాయి. హెచ్‌డీ ఉంటే మామూలు రకానికి మార్చండి. లోపలి గదిలో రెండో టీవీకి కనెక్షను ఉంటే దాని గురించి చర్చ కూడా అనవసరం.

ఒక వారం పాటు ఇంట్లో ఎవరు ఏ ఛానెల్ చూశారో గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టమనండి. తగువు సగం అక్కడే తీరుతుంది. విడివిడిగా ఛానెళ్లు ఎంచుకునే హక్కు మీకుంది. ఫోన్ చేస్తే ముందుగా ఏదో ఒక కాంబో చెబుతారు. "విడిగానే కావాలి" అని రెండోసారీ అదే గొంతుతో అనండి.

ఈ సందర్భంలో చాలామంది పడే గొయ్యి ఇంకొకటి ఉంది. ఏడాది ప్యాకు. పదకొండు నెలల డబ్బు ఒకేసారి కడితే పన్నెండు నెలలు చూపిస్తామంటారు. ఒక నెల ఉచితం కదా అని బోనస్ డబ్బు తీసి కట్టేస్తారు. లెక్క వేస్తే ఆ తగ్గింపు మీ డబ్బుకి నూటికి రూపాయిన్నర పైచిలుకు వడ్డీ ఇచ్చినట్టు. మంచిదే. కానీ మీరు అవతల మూడు రూపాయలు కడుతున్నారు. రూపాయిన్నర సంపాదించడానికి మూడు రూపాయలు పోసినట్టు అవుతుంది. అప్పు ఉన్నన్నాళ్లు నెలనెలా రీచార్జే మేలు. ఊరికి వెళ్లిన నెల చేయకుండా వదిలేయొచ్చు కూడా.

పూర్తిగా తీసేయాల్సిన ఇళ్లూ ఉన్నాయి. దానికి నేను వాడే కొలత రిజర్వు బ్యాంకు నుంచి అరువు తెచ్చుకున్నది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మైక్రోఫైనాన్సు నిబంధనల ప్రకారం ఒక ఇంటి నెల కిస్తీలన్నీ కలిపి ఆ ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు. అది అప్పిచ్చేవాడికి పెట్టిన గీత. మీరూ మీకు గీసుకోండి. బండి ఈఎంఐ, గ్రూపు కిస్తీ, నోటు వడ్డీ, బంగారం మీది వడ్డీ అన్నీ కలిపి జీతంలో సగం దాటాయంటే రెండు ఛానెళ్లు కూడా బరువే. అప్పుడు డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోండి. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెలవారీ రుసుము లేదు. డిష్షూ వైరూ ఉన్నవే పనికొస్తాయి, జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పించాలి. పాత కంపెనీ పెట్టె మాత్రం పనికిరాదు, వేరే కొనాలి. అంతా కొత్తగా పెట్టుకున్నా రెండు వేల లోపు తేలిపోవాలి. దీంట్లో హిందీ సినిమాలు, సీరియళ్లు, వార్తలు దండిగా వస్తాయి. తెలుగు ప్రైవేటు వినోద ఛానెళ్లు మీరనుకున్నట్టు దొరకవు. తెలుగుకి దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి దిక్కు. సప్తగిరి పాత పాటలకి నవ్వేవాళ్లు ఉంటారు, మా ఇంట్లో అవి పెట్టాకే అన్నం వడ్డిస్తారు.

క్రికెట్ కోసం భయపడేవాళ్లకి ఒక మాట. 2007లో వచ్చిన చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైనవని ప్రకటించిన మ్యాచ్‌ల ప్రసారాన్ని ప్రైవేటు ఛానెళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలి. స్వదేశంలో ఇండియా ఆడే వన్డేలు అలా ఫ్రీ డిష్‌లో వస్తాయి. ఐపీఎల్ ఆ లెక్కలోకి రాదు. దాన్ని టీ కొట్టు దగ్గర చూడాల్సిందే, రెండు టీలు తాగినా ప్యాకు కంటే చవకే.

మారుమూల పల్లెల్లో ఉండేవాళ్లు డబ్బు పెట్టి కొనేముందు పంచాయతీలో అడగడం మంచిది. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన బింద్ పథకంలో మారుమూల, గిరిజన, నక్సల్ ప్రభావిత, సరిహద్దు ప్రాంతాల ఇళ్లకి 8 లక్షలకి పైగా ఫ్రీ డిష్ పెట్టెలు ఉచితంగా ఇవ్వాలని అనుకున్నారు. సుక్మా జిల్లా పూవర్తిలో జనం మొదటిసారి టీవీ చూసింది 2024 చివర్లో, సోలార్ కరెంటు మీద. టీవీని విలాసం కింద కొట్టేసేముందు నాకు ఆ ఊరే గుర్తొస్తుంది.

"టీవీ ఎందుకు, ఫోన్లో చూసుకుంటే పోలా" అని పట్నంలో చదువుకునే కొడుకు సలహా ఇస్తాడు. హైదరాబాదులో ఆ సలహా బాగానే ఉంటుంది. బస్తర్‌లో జగదల్‌పూర్ దాటి లోపలికి పోతే సిగ్నల్ ఒక చెట్టు కింద ఉంటుంది, పక్క చెట్టు కింద ఉండదు. పైగా ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో వీడియో చూడటం మొదలుపెడితే నాలుగు డేటా రీచార్జిలు. ఆ రీచార్జి 28 రోజులకే అయిపోతుంది, అంటే మొబైల్ కంపెనీకి ఏడాదికి పదమూడు నెలలు. టీవీ తీసేసి ఫోన్లు పెంచిన ఇంట్లో అప్పు తగ్గదు, పిల్లల మెడలు వంగుతాయి, అంతే.

ఇంకో మాట, ఇది మగవాళ్లకి. రోజంతా గనిలోనో, లారీ మీదో ఉండే మీరు టీవీ చూసేది రాత్రి అరగంట. అందుకే అది మీ కంటికి మొదట కనిపించే దండగ. మీ జేబులోంచి గుట్కాకి, ఆదివారం సీసాకి, తోటివాళ్లతో టిఫినుకి పోయేది నెలకి 450 దాటుతుందో లేదో మీకే తెలుసు. ఆవిడ ఖర్చు ఒకటి కోసేరోజు మీదీ ఒకటి అదే కాగితం మీద కోయండి. లేకపోతే రెండో నెలలోనే రీచార్జి గుట్టుగా మళ్లీ అవుతుంది. ఆవిణ్ని నేను తప్పు పట్టను.

అసలు చిక్కు కోశాక వస్తుంది. ఆ 250 ఎక్కడికి పోయింది? చాలా ఇళ్లలో దానికి జవాబు ఉండదు. రీచార్జి చేయలేదు, అప్పూ తగ్గలేదు, సంతలో ఎక్కడో కరిగిపోయింది. అందుకని రీచార్జి తేదీ ఏదో ఆ తేదీనే, మిగిలిన డబ్బు అప్పువైపు కదలాలి. మైక్రోఫైనాన్సు అయితే ముందే కట్టినందుకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, కాబట్టి భయం లేకుండా ఎక్కువ కట్టండి, రసీదు తీసుకోండి. నోటు అప్పు అయితే షావుకారు 250 అసలు కింద జమ వేసుకోవడానికి ఇష్టపడడు. "వడ్డీ కట్టుకుంటూ పో, అసలు ఒక్కసారే ఇద్దువు గానీ" అంటాడు. ఎందుకనడు? మూడు రూపాయలు ఇచ్చే పాడి గేదెను ఎవరు వదులుకుంటారు? మీరు నాలుగు నెలలకి ఒకసారి వెయ్యి చొప్పున అసలు కింద ఇస్తానని మాట కుదుర్చుకోండి. ఈలోపు ఆ డబ్బు ఇంట్లో ఉంచకుండా వేరే ఖాతాలో వేయండి.

ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. తేదీ, మొత్తం, అసలు కిందా వడ్డీ కిందా అన్నది అక్షరాల్లో. పైన నేను వేసిన లెక్కంతా తగ్గిన అసలు మీద తగ్గిన వడ్డీ పడితేనే నిజమవుతుంది. చెల్లు లేకపోతే మీరు కోసిన ఛానెళ్లు షావుకారు ఇంట్లో చూస్తున్నట్టే. సొంతూరు దూరమైతే ఫోన్లో పంపిన డబ్బుకి "అసలు కింద" అని మెసేజ్ రాసి పంపండి, పండక్కి వెళ్లినప్పుడు చెల్లు వేయించండి.

ఆఖరి చెల్లు పడిన రోజు నోటు చేతికి తీసుకోండి. "రేపు వెతికి ఇస్తాలే" అంటే గుమ్మంలోనే కూర్చోండి. అదే రాత్రి ఇంట్లో మూడో ఛానెల్ ఏది పెట్టించాలన్న తగువు పెట్టుకోవచ్చు.